కోడళ్ల కొట్టు

ఊళ్లో మందు కొట్లు చాలానే ఉన్నాయి గానీ, అమ్మేవాళ్లు తాగని కొట్టు మాత్రం ఒక్కటే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకి ఈ మాట చెబితే, "తాగనివాళ్లకి రుచేం తెలుస్తుందండీ!" అని నవ్వుతారు. ఒకసారి అక్కడ బ్రాందీ కొనుక్కెళ్లాక మళ్లీ నవ్వరు, మళ్లీ వస్తారు.

ఆ కొట్టు పెట్టినాయన పుట్టు వ్యాపారేమీ కాదు. పీపాలు చేసుకుని బతికేవాడు. పలకలు వంచడం, ఇనుప పట్టీలు బిగించడం, కారే సందులు మూయడం ఆయన పని. ఒకరోజు ఎవరో పొరుగూరి వర్తకుడు బండి మీద ఓ పెద్ద పీపా తెచ్చి, "అడుగున చెమ్మ దిగుతోంది, బాగుచేసి ఉంచు, వారంలో వచ్చి తీసుకెళ్తాను" అన్నాడు. లోపలి బ్రాందీని వేరే పీపాల్లోకి తోడి, చెమ్మ దిగే పలక మార్చి, మళ్లీ నింపి నేలమాళిగలో పెట్టాడు ఈయన. వర్తకుడు చెప్పిన ఆ వారం ఇంకా రాలేదు.

ఏళ్లు గడిచాయి. ఎంతమంది చెప్పినా "ఇంకొకడి సొత్తు, ముట్టుకోను" అని భీష్మించుకు కూర్చున్నాడు. చివరికి పాడైపోయిందేమో చూద్దామని బిరడా తీశాడు. ఆ వాసన మెట్లెక్కి, వాకిలి దాటి, వీధిలోకి నడిచింది. దారినపోయేవాళ్లు ఆగిపోయి, ఏమిటది, ఎక్కడిది, మాకు కాస్త పోస్తావా అని అడిగారు. ఆ క్షణం దాకా ఆయన నిజాయతీపరుడనీ, ఆ తర్వాత వ్యాపారి అయ్యాడనీ ఇంట్లోవాళ్లే వేళాకోళం చేస్తుంటారు.

పీపాని మాత్రం ఆయన ఖాళీ చెయ్యలేదు. ఏటా కొంత తీసి అమ్మడం, తీసినంత కొత్త బ్రాందీతో నింపడం. కొత్తది పాతదాని పక్కన చేరి, కోడలు అత్తగారి దగ్గర నేర్చుకున్నట్టు, మెల్లిగా పద్ధతులు నేర్చుకునేది. రకరకాల వైన్లూ విస్కీలూ తర్వాత ఎన్ని వచ్చి అరల్లో చేరినా, కొట్టుకి పేరు తెచ్చింది ఆ పెద్దపీపాయే. దాని గదికి ఒకే తాళం, ఆ తాళానికి ఒకే మనిషి. ఆ మనిషి వాసన చూడొచ్చు, నాలుక మీద వేసుకోవచ్చు, కానీ ఉమ్మెయ్యాలి. మింగడానికి వీల్లేదు.

ముసలివాడయ్యాక తాళం ఎవరికివ్వాలా అని ఆలోచించి ఓ పరీక్ష పెట్టాడు. మూడు గ్లాసులు, వాటిలో మన పీపాది ఏదో చెప్పాలి. పెద్దకొడుకు రంగు బాగున్నది చూపించాడు. రెండోవాడు ఘాటైనది చూపించాడు. మూడోవాడు మూడూ ఖాళీ చేసి, సరిగ్గా తెలియలేదు, ఇంకోసారి పొయ్యమన్నాడు. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న పెద్దకోడలు, "మధ్యది మామయ్యగారూ, ఇక్కడికే తెలుస్తోంది" అంది. తాళం ఆవిడ నడుముకి చేరింది. ఆవిడ తర్వాత ఆవిడ కోడలికి. అలా కొడుకులు బళ్లు తోలుకుంటూ, సీసాలు కడుక్కుంటూ ఉండగా కోడళ్ల చేతుల మీదుగా ఆ కొట్టుకి నూరేళ్లు నిండాయి.

నూరేళ్లు నిండేనాటికి తాళం ఉన్న మనిషిని ఊరంతా పెద్దావిడ అనేవారు. బండి నిండా వచ్చిన వైన్‌ని ఒక్క బిరడా వాసన చూసి, తలెత్తకుండానే "వెనక్కి తిప్పు" అన్న మనిషి. ఆవిడ గ్లాసు ఎత్తి కళ్లు మూసుకుంటే ఎదుటివాళ్లు ఊపిరి బిగపట్టేవారు. తల అడ్డంగా ఊపిందా, ఆ సరుకు ఆ ఊళ్లో ఇంకెక్కడా అమ్ముడుపోయేది కాదు.

ఆ పెద్దావిడ పెద్దకోడలి కథ ఇది.

ఈమె బల్లలూ బీరువాలూ చేసేవాళ్ల పిల్ల. కాపరానికొచ్చిన కొత్తలో అత్తగారు "చెక్కలవాళ్ల పిల్లకి చెక్క వాసన తప్ప ఏం తెలుస్తుందిలే" అని దెప్పింది. దెప్పినావిడే మర్నాటి నుంచి కళ్లకి గంతలు కట్టి, బిరడాలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టి, ఇదేమిటి, అదేమిటి అని అడగడం మొదలుపెట్టింది. తప్పు చెబితే మొట్టికాయ. ఒప్పు చెబితే ఏమీ లేదు, ఇంకో బిరడా. అలా ఏళ్ల తరబడి ఒక్క మెచ్చుకోలు మాట లేకుండా నేర్చుకుంది పెద్దకోడలు. పెద్దపీపా గదిలోకి మాత్రం ఇంతవరకూ అడుగుపెట్టలేదు. ఏటా అత్తగారు పైకి తెచ్చే చిన్న కూజాలోంచే దాన్ని ఎరుగును. అయినా నిద్రలో లేపి అడిగినా గుర్తుపడుతుంది.

ఆ తాళం తనకి కావాలి. ఆమె ఈ మాట ఎవరికీ చెప్పలేదు గానీ, దాచిందీ లేదు. కొట్లో సీసాలకి కాగితం చుట్టే ప్రతిసారీ కళ్లు నేలమాళిగ తలుపు మీదకే పోయేవి. తను నేర్చిన విద్య ఆ తలుపు వెనకే ఉంది. అది తెరుచుకోకపోతే ఈ జన్మకి కాగితాలు చుట్టడమే మిగులుతుంది.

పోటీకి మరిది ఉన్నాడు. ఇంట్లో అతన్ని హడావిడి అంటారు. చెడ్డవాడు కాదు, పాపం, కుదురు లేదంతే. కొట్టుకి అద్దాల అరలు పెట్టించాలనీ, రంగుల దీపాలు వేయించాలనీ, పెద్దపీపాని పైకి తెచ్చి వీధి కిటికీలో నిలబెట్టాలనీ అతని కోరిక. ఎండలో బ్రాందీ పీపా పెడతానన్నవాడికి తాళం వస్తే ఇంకేమన్నా ఉందా!

"నూరేళ్ల పండక్కి పరీక్ష పెడతాను. ఎవరు చెబితే వాళ్లకే తాళం" అంది పెద్దావిడ. అంత తొందరేమిటమ్మా, నువ్వింకా రాయిలా ఉన్నావు కదా అని పెద్దకొడుకు అడిగితే, "రాయికి మాత్రం కూర్చోవాలని ఉండదా?" అంది.

ఆరోజు మధ్యాహ్నం కొట్టు వెనకగదిలో పొడవాటి బల్ల వేశారు. చుట్టాలూ, పాత ఖాతాదార్లూ వచ్చారు. అందరికన్నా ముందు హోటలాయన వచ్చి కూర్చున్నాడు. పెద్దపీపా బ్రాందీ లేనిదే తన హోటలుకి మంచివాళ్లెవరూ రారని ఆయన నమ్మకం. బల్ల మీద మూడు గ్లాసులు, పక్కన గుడ్డ కప్పిన పెద్ద జగ్గు. పరీక్ష కాగానే జగ్గులోంచి అతిథులందరికీ పొయ్యాలి, సాయంత్రానికి హోటలాయన పెట్టెలు నింపాలి. జగ్గులో ఉన్నది పెద్దపీపా సరుకేనని వేరే చెప్పక్కర్లేదు.

మరిది ముందుకొచ్చాడు. మూడు గ్లాసులూ వెలుతురుకి ఎత్తి చూసి, రెండోది టక్కున బల్ల మీద పెట్టి, "ఇదే! రంగు చూస్తేనే తెలియట్లేదూ?" అన్నాడు. పెద్దావిడ మొహంలో ఏమీ మారలేదు. కొట్టు పెట్టినాయన పెద్దకొడుకు కథ తెలిసినవాళ్లు మాత్రం ముసిముసిగా నవ్వుకున్నారు.

పెద్దకోడలు కూర్చుంది. మొదటి గ్లాసు వాసన చూసింది, అది కుర్ర సరుకు. రెండోది ఎక్కడిదో గానీ పంచదార కలిపినది. మూడోది ఎత్తింది.

ఎత్తగానే పుట్టిల్లు గుర్తొచ్చింది. నాన్న కొట్టు, కింద చెక్కపొట్టు, గోడకి ఆనించిన బీరువా తలుపు, గుడ్డ ముక్కతో గుండ్రంగా తిప్పుతూ నాన్న పూసే లక్క పాలిష్. ఇదేమిటి, ఇంత ముఖ్యమైన వేళ మనసు ఇలా పుట్టింటికి పరుగెత్తుతోంది అని తనని తనే కసురుకుంది. గ్లాసు దించి, కాసేపు ఆగి, మళ్లీ ఎత్తింది. మనసు కాదు, గ్లాసే. అడుగున పెద్దపీపా ఉంది, ఎప్పటిలాగే నిండుగా, హుందాగా ఉంది. దాని నెత్తిన లక్క పాలిష్ ఎక్కి కూర్చుంది. నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది. ఉమ్మినా పోవడం లేదు, బంకలా పట్టుకుంది.

అప్పుడు ఆమెకి రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. "మూడోది" అని ఒక్క మాటంటే తాళం తనది. ఆ మాటలో అబద్ధం కూడా లేదు. కానీ ఆ మాట అన్న మరుక్షణం జగ్గు మీద గుడ్డ తీస్తారు. నూరేళ్ల నాడు, ఈ కొట్టు చేతుల మీదుగా, పాడైన సరుకు అందరి గొంతుల్లోకీ పోతుంది. పోనీ నిజం చెబుదామా అంటే, ఇంతమందిలో అత్తగారికి వాసన తెలియలేదని చెప్పినట్టు. మింగలేక కక్కలేక అంటారే, సరిగ్గా అదీ ఆమె పరిస్థితి.

వెనకాల నిలబడ్డ మొగుడు మెల్లిగా వంగి, "ఏదో ఒకటి చూపించవే, చెమటలు పడుతున్నాయి" అన్నాడు. చెమటలు పడుతున్నది ఆయనకి.

"మూడూ మనవి కావు అత్తయ్యా" అంది పెద్దకోడలు, అలాగైనా జగ్గు తెరవడం ఆగుతుందని.

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. పెద్దావిడ చూపు కోడలి మీద నిలిచింది. ఆ చూపులో కోపం కన్నా బెదురు ఎక్కువ ఉందని కోడలు తర్వాత గ్రహించింది.

"సరిగ్గా చూడు అమ్మాయ్. మూడోది నా చేత్తో తెచ్చి పోశాను. ఇంకోసారి చూసి చెప్పు."

కోడలు గ్లాసు దించింది. పరీక్ష పెట్టిన మనిషే జవాబు అందించేసింది. ఇన్నేళ్లలో ఒక్క మెచ్చుకోలు మాట అనని మనిషి, కట్టు తప్పి, ఇంతమంది ముందు తనని గెలిపించాలని చూస్తోంది. అత్తగారు తనని ఎంత కోరుకుందో ఆమెకి ఆ క్షణంలోనే తెలిసింది. ఆ ప్రేమకి బదులుగా ఆవిడ పరువు తియ్యాలి. కానీ ఆవిడ నేర్పిన విద్యే కదా ఇది.

"చూశానత్తయ్యా. మన పీపాదే, కాదనను. కానీ అమ్మే సరుకు కాదు. లక్క పాలిష్ కలిసింది. ఆ జగ్గు మీద గుడ్డ తియ్యొద్దు."

"పైపైనే పూశాను!" అన్నాడు మరిది.

అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఆ గదిలో అందరూ కళ్లారా చూశారు.

పెద్దావిడ లేచింది. లాంతరు పట్టుకుని మరిది ముందు, వెనక ఆవిడ, ఆవిడ వెనక పెద్దకోడలు నేలమాళిగలోకి దిగారు. ఇంతకాలం కలలుకన్న గదిలోకి ఇలా అడుగుపెడతానని ఆమె అనుకోలేదు. లాంతరు ఎత్తగానే పెద్దపీపా పెళ్లికొడుకులా తళతళలాడింది.

"ఫోటోలకని" అన్నాడు మరిది. "నూరేళ్ల పీపా, నల్లగా నూనె మరకలతో ఏం బావుంటుంది? అమ్మని అడిగే తాళం తీసుకున్నాను. శుభ్రం చేస్తానంటే సరేనంది."

"పీపాకి పైన పూస్తే పూశావు. బిరడాకి?"

"దాన్ని మాత్రం ఎందుకు వదిలేస్తాను వదినా? పైనా కిందా చుట్టూ పూశాను. మూడు పూతలు!" ఆ గొంతులో ఇంకా కాస్త గర్వం మిగిలే ఉంది.

పెద్దకోడలు బిరడా లాగింది. పైన అద్దంలా ఉంది. లోపలికి దిగిన సగం మాత్రం తెల్లబారి, జిగురుగా, ఒక్క పూత కూడా మిగలకుండా ఉంది. లక్కని స్పిరిట్లో కరిగిస్తేనే పాలిష్ అవుతుంది. ఆరిన పాలిష్‌ని తెచ్చి మళ్లీ స్పిరిట్లో ముంచితే ఏమవుతుంది? చెక్కలవాళ్ల ఇంట్లో పాకే పిల్లకి కూడా తెలుసు. మందు కొట్లో పుట్టి పెరిగినవాడికి తట్టలేదు.

పెద్దావిడ చెయ్యి చాపి బిరడా తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. తీసి, మళ్లీ పెట్టుకుంది. ఆ గదంతా పాలిష్ కంపు కొడుతోంది, మరిది కూడా ముక్కు నలుపుకుంటున్నాడు. ఆవిడ ఇంకా వెతుకుతూనే ఉంది.

పెద్దకోడలు అత్తగారి మొహం చూసి, మరిది వైపు తిరిగింది.

"మరిదీ, నువ్వు పైకెళ్లు. ఆ జగ్గు ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాయి. నువ్వూ ముట్టుకోకు" అంది. అతని అడుగుల చప్పుడు మెట్ల పైన ఆగిపోయాక అడిగింది. "ఎప్పటినుంచి అత్తయ్యా?"

పెద్దావిడ బిరడా పీపా మీద పెట్టింది.

"పోయిన చలికాలం జ్వరం వచ్చింది చూడు, దాంతోపాటే పోయింది. కాఫీ లేదు, సబ్బు లేదు, పొగ లేదు, ఏదీ తెలియదు. వస్తుందేమోనని చూశాను. రాలేదు."

"మరి ఇన్నాళ్లూ కొట్లో..."

"గ్లాసు ఎత్తడం, కళ్లు మూసుకోవడం, తలూపడం. అంతే. నాకంత పేరుంది కదా, ఎవరడుగుతారు? అనుమానం వచ్చినవి నీ ముందు పెట్టి, నీ మొహం చూసి తలూపేదాన్ని. నువ్వు ముక్కు చిట్లిస్తే నేను వెనక్కి తిప్పెయ్యమనేదాన్ని." ఆవిడ పెదవుల మీద ఓ చిన్న నవ్వు వచ్చిపోయింది. "ఈ పీపా ఒక్కదానికే నీ మొహం చూడటం కుదర్లేదు. అందుకే నూరేళ్లు అని వంక పెట్టుకున్నాను. తొందరగా నీ చేతికి వచ్చేస్తే బాగుండునని."

పెద్దకోడలికి దుఃఖం పొంగుకొచ్చింది. "ఇదేదీ పైన చెప్పక్కర్లేదత్తయ్యా. పీపా పాడైందని చెబుదాం. ఎలా పాడైందో మరిది చెబుతాడు. అక్కడితో సరి."

"ఏం చెప్పాలో నాకు చెప్పకు. తాళం నీకింకా ఇవ్వలేదు" అంది పెద్దావిడ, మెట్లెక్కుతూ.

వెనకగదిలో అందరూ లేచి నిలబడ్డారు. పెద్దావిడ తన కుర్చీలో కూర్చోలేదు, దాని పక్కన నిలబడి, ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. "నేను పోసింది పాడైన సరుకు. నాకు తెలియలేదు, పోయిన చలికాలం జ్వరం వచ్చినప్పటి నుంచి నాకు ఏ వాసనా తెలియదు. నా కోడలికి తెలిసింది. నేను జవాబు చెప్పేసినా లొంగలేదు. ఈ తాళానికి ఇంతకన్నా మంచి నడుము ఈ ఊళ్లో లేదు."

తాళం విప్పి ఇచ్చింది. ఎవరికీ చప్పట్లు కొట్టాలని కూడా తోచలేదు. పెద్దకొడుకు మాత్రం ముక్కు చీదుకున్నాడు, చెమటలకి జలుబు చేసిందని తర్వాత దబాయించాడు.

"పీపాని ఏం చెయ్యమంటారత్తయ్యా?" అంది పెద్దకోడలు.

"తాళం ఎవరి దగ్గరుంది?"

ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. నూరేళ్లు ఎవరూ అడుగంటా తియ్యని పీపా. తాళం చేతికొచ్చి ఇంకా వేడెక్కనైనా లేదు. "పారబోయండి. పూర్తిగా" అంది.

హోటలాయన లబలబలాడాడు. "అయ్యో తల్లీ! వడగట్టొచ్చేమో చూడమ్మా! తాగేవాళ్లకి అంత తెలుస్తుందా?"

"వాళ్లకి తెలియదు. నాకు తెలుసు కదండీ" అంది.

 హోటలాయన గడ్డం గోక్కుని, ఆ జ్వరం కన్నా ముందు కొన్న సీసాలు తన ఇంట్లో కొన్ని ఉన్నాయనీ, ఇస్తాననీ అన్నాడు. పాలు కొత్తవైనా తోడు పాతదే అయితే పెరుగు పాత పెరుగే అవుతుంది కదా అన్నాడు. అలా అనేసరికి తమ ఇళ్లలోనూ ఉన్నాయని ఇంకొందరు అన్నారు. కొట్టువాళ్లు అమ్మిన సరుకుని కొట్టుకే తెచ్చి ఇస్తామనడం ఆ నూరేళ్లలో అదే మొదలు.

పెరట్లోకి గొట్టం వేశారు. పంపు కొట్టే పని పెద్దకోడలు మరిదికే ఇచ్చింది. అతను కళ్లనీళ్లు కారుస్తూనే కొట్టాడు, చేతులు మారతామన్నా ఒప్పుకోలేదు. బంగారు రంగు ధార ఇటుకల మీద పడి కాలవలోకి పరిగెత్తింది. వాసన గోడ దాటి వీధిలోకి పోయింది. ఓ పాత ఖాతాదారు టోపీ తీసి ఛాతీకి ఆనించుకుని నిలబడ్డాడు. ఇంకొకాయన దోసిలి పట్టబోతే వాళ్లావిడ మోచేత్తో ఒక్కటి పొడిచింది.

పెద్దావిడ పెరట్లో కుర్చీ వేయించుకుని ధారకి ఎదురుగా కూర్చుంది. పెద్దకోడలు వెళ్లి ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది.

"వాసన వస్తోందా?"

"వీధి వీధంతా వస్తోందత్తయ్యా."

"ఎలా ఉంది?"

"ముందు మా నాన్న కొట్టు వస్తోంది. లక్క, చెక్కపొట్టు."

"అది పక్కన పెట్టు. దాని కింద?"

పెద్దకోడలు గాలి పీల్చింది. "ఎండిన నారింజ తొక్క. కొంచెం మాడిన పంచదార. వాన పడ్డ రాయి. దాని వెనకాల ఏదో పాత తోలు, వాడి వాడి మెత్తబడిన చేతిసంచీ లాంటిది. అంతకన్నా లోపల ఇంకోటుంది, దానికి పేరు తెలియదు."

"ఉంది" అంది పెద్దావిడ. కళ్లు మూసుకుంది. ఈసారి ఎవరూ చూడాలని కాదు. చెంపల మీద నీళ్లు జారుతుంటే తుడుచుకోలేదు. "దానికి పేరు మా అత్తగారికీ తెలియదు. నాకూ తెలియదు."

మరిది పంపు ఆపి, సగం అయింది, కాసేపు ఆగనా అని అడిగాడు. పెద్దకోడలు ఆగమని చెయ్యి ఎత్తబోయింది. అత్తగారు ఆ చెయ్యి పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"కొట్టనీ" అంది. "నువ్వు మాత్రం ఆపకు. పీపా ఖాళీ అయ్యేదాకా చెబుతూనే ఉండు."